మార్క్సు రాజ్యములలో క్రైస్తవ మతము

మతమువలన సంఘమునకు గలుగు ప్రయోజనమేమి యను ప్రశ్నను సంస్కారాభిలాషులగు వారందఱును ఏదో యొక దినమున తమకు తాము వేసికొనియే యుందురు. బాలవితంతువు కన్నీరు తుడువని మతమేల, అంటరానివాడని మనుష్యుని గడపయొద్దనే నిలిపివేయు దేవాలయమేల యని యడిగియే మన పెద్దలు సంస్కరణమునకు ఆరంభించిరి. మేమును చిరకాలము ఈ కొలతనే నమ్మియుంటిమి. మతమును దానివలన జనులకు గలుగు మేలునుబట్టియే యెంచవలెననియు, తక్కిన సిద్ధాంతములును వాదములును పండితుల కాలక్షేపమే యనియు మా యభిప్రాయముగా నుండెను. కాని యీ కొలతను గృహస్థుడు చేతబట్టుట వేఱు, సర్వాధికారియగు ప్రభుత్వము చేతబట్టుట వేఱు. ఇరువదవ శతాబ్దమున మార్క్సు సిద్ధాంతమును రాజ్యధర్మముగా స్వీకరించిన దేశములలో ఈ రెండవది జరిగినది. ఆ చరిత్రము చదివినకొలది మా పూర్వాభిప్రాయమునందు మాకే సందేహము పొడమినది. ఆ సందేహమును చదువరుల యెదుట నుంచుటయే యిచ్చట మా యుద్దేశము.

మార్క్సు మతమును నల్లమందుతో పోల్చెనని యందఱు నెఱుగుదురు. ఆ మాట ఎచ్చట, ఏ సందర్భమున వచ్చినదో యెఱిగినవారు కొందఱే. హెగెలు యొక్క న్యాయతత్త్వమును విమర్శించుటకు ఉపోద్ఘాతముగా ఆయన 1843వ సంవత్సరాంతమున వ్రాయబూని, 1844లో పారిసు నగరమున ప్రకటించిన యొక చిన్న వ్యాసములోనిది యది. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదేండ్లు. ఆ వ్యాసమున నల్లమందను పదమునకు ముందే, మతమునందు బాధపడు జనుల దుఃఖము వెల్లడియగుచున్నదనియు, ఆ దుఃఖముపై ఒక విధమైన తిరుగుబాటు కూడ అందే కలదనియు చెప్పబడినది. నల్లమందు ఆ కాలమున కేవలము మత్తుపదార్థము కాదు. వైద్యుని సంచిలో నొప్పిని తగ్గించుటకు ఉంచుకొను మందు. మన దేశమునను కూలికి పోవలసిన తల్లులు పసిబిడ్డ నిద్రించుటకై రవ్వంత నాకించి పోవుచుండిరని పెద్దలవలన వినియున్నాము. ఆ తల్లి తప్పు చేసినదా, ఆమెను కూలికి తఱిమిన లోకము తప్పు చేసినదా? మార్క్సు వేలు చూపినది ఆ రెండవ దానివైపు. లోకము బాగుపడినచో మందుతో పనిలేక పోవునని ఆయన నమ్మకము. మందును లాగివేసినచో లోకము బాగుపడునని ఆయన ఆ వ్యాసమున చెప్పలేదు. తరువాతి ప్రభువులు ఈ భేదమును పాటింపలేదు.

మార్క్సు పుట్టిన యింటిలో మతము ఎట్టి స్థితిలో నుండెనో కూడ గమనింపదగినదే. ఆయన తండ్రి యూదుడు; న్యాయవాదవృత్తి నిలుపుకొనుటకై ప్రష్యా రాజ్యపు ప్రొటెస్టంటు మతములో చేరెను. కార్ల్ కు ఆఱేండ్ల ప్రాయమున, 1824లో, బాప్తిస్మ మిచ్చిరి. రాజ్యమునకు అనుకూలమైనంతవఱకే మతమునకు విలువ యని ఆ బాలునికి ఇంటనే తెలిసియుండిన ఆశ్చర్యము లేదు. ఆయన మిత్రుడు ఎంగెల్సు సంగతి వేఱు. అతడు బార్మెను పట్టణమున మిక్కిలి భక్తిపరులగు మిల్లుదారుల యింట బుట్టినవాడు. ఆదివారము ప్రార్థనలు చేసి, సోమవారము పసిపిల్లలచేత నూలుమిల్లులలో పని చేయించు పుణ్యాత్ములను కన్నులార చూచి, పదునెనిమిదేండ్లకే వారినిగూర్చి పత్రికలో ఘాటుగా వ్రాసెను. ఐనను ముదిమిలో, 1894లో, మరణమునకు ఒక సంవత్సరము ముందు, ఆది క్రైస్తవ చరిత్రమును గూర్చి వ్రాయుచు, ఆ మతము మొదట దాసుల యొక్కయు, నిరుపేదల యొక్కయు ఉద్యమమే యని యొప్పుకొని, తన కాలపు కార్మికోద్యమముతో దానిని సరిపోల్చెను. కౌట్‌స్కీ 1908లో ఈ యంశముమీదనే పెద్ద గ్రంథము రచించెను. కావున మతమునకు సంఘమున విలువయే లేదని మార్క్సు మతస్థుల మూలపురుషులు చెప్పలేదు. ఒకప్పుడు ఉండెను, ఇక నుండబోదు అనిరి. ఎప్పటినుండి యుండబోదు అను ప్రశ్నకు సమాధానమును మాత్రము ప్రభుత్వములకు వదలిరి.

ఆ ప్రభుత్వములలో మొదటిది రష్యాలో ఏర్పడినది. అచ్చటి ఆర్థొడాక్సు సంఘము నిష్కళంకమైనదని చెప్పుటకు మాకు నోరు రాదు. మొదటి పీటరు చక్రవర్తి 1721లో దాని ప్రధానాచార్యుని పదవిని తీసివేసి, సంఘమును ప్రభుత్వశాఖలలో నొకటిగా జేసెను. పాపములు విన్నవించుకొన వచ్చినవాడు రాజద్రోహపుటాలోచన చెప్పినచో గురువు దానిని అధికారులకు తెలుపవలెనని ఆ మఱుసటి యేట నియమము పుట్టినది. రెండువందల యేండ్లు ఇట్టి కొలువు చేసిన సంఘమును, రాజు పోయిన దినమున జనులు రాజుతోడనే లెక్కించుట వింత కాదు. 1918 ఆరంభమున క్రొత్త ప్రభుత్వము రాజ్యమును మతమునుండియు, పాఠశాలను మతమునుండియు వేఱుచేసి శాసించెను. ఇంతవఱకు సంస్కర్తలెవ్వరును తప్పు పట్టరు.

అటుపిమ్మట 1921లో వోల్గా తీరమున ఘోరమైన క్షామము వచ్చినది. ప్రధానాచార్యుడగు తీఖోను ఆ యాగస్టులోనే క్షామబాధితులకు సాయము చేయుటకై సంఘముపక్షమున ఒక సమితిని ఏర్పఱచి విరాళములు కూర్చుటకు ఆరంభించెను. ప్రభుత్వము ఆ సమితిని మూయించి, కూడిన ధనమును తనకు అప్పగింపుమనెను. కొన్ని నెలలకు, 1922 ఫిబ్రవరిలో, క్షామనివారణార్థమే దేవాలయములలోని వెండిబంగారములను స్వాధీనపఱచుకొనుడని శాసనము వచ్చినది. పూజలో వాడని వస్తువుల నిచ్చుటకు తీఖోను ముందే సమ్మతించియుండెను. పూజాపాత్రల విషయమున మాత్రము అడ్డుపడెను. షూయా పట్టణమున జనము గుమిగూడగా సైనికులు కాల్చిరి. పెత్రోగ్రాదు పీఠాధిపతియగు వెనియామీను ప్రభుత్వముతో సామరస్యమునకై ప్రయత్నించినవాడు. ఐనను ఆయనను విచారించి ఆ యాగస్టులో కాల్చి చంపిరి. ఆకలిగొన్నవానికి సంఘము తన చేతితో అన్నము పెట్టరాదు. దాని చేతిలోని పాత్రను ప్రభుత్వము లాగికొని పెట్టవలెను. వివాదమంతయు పాత్రను గూర్చి కాదు, చేతిని గూర్చి యని మాకు తోచుచున్నది.

ఈ భావము శాసనరూపమున స్పష్టముగా వెలువడినది 1929 ఏప్రిలు 8వ తేదీన. మతసంఘములను గూర్చిన ఆ శాసనము చదివినప్పుడు మేము కొంతసేపు పుస్తకము మూసి యూరకుండవలసి వచ్చినది. ఇరువదిమంది కూడి దరఖాస్తు పెట్టుకొనినచో ప్రార్థన చేసికొనుటకు అనుమతి కలదు. ఆ ప్రార్థన తప్ప మఱి యేదియు చేయరాదు. సంఘస్థులు పరస్పర సహాయనిధి పెట్టుకొనరాదు. సహకారసంఘము స్థాపింపరాదు. తమలోని పేదకు ధనసాయము చేయరాదు. స్త్రీలకుగాని, యువకులకుగాని, పిల్లలకుగాని ప్రత్యేకముగా సమావేశము జరుపరాదు, కుట్టుపని నేర్పరాదు, పిల్లల ఆటస్థలము, గ్రంథాలయము, చదువుగది పెట్టరాదు, వైద్యసాయము చేయరాదు. మతము జనులను పరలోకపు కలలలో ముంచి యిహలోకమున నిష్ప్రయోజకులను చేయుచున్నదని నేరము మోపినవారే, ఇహలోకమున దానికి ప్రయోజనకరమగు పని యేదియు లేకుండ శాసనముచేత నిషేధించిరి! నిందను నిజము చేయుటకై చట్టము వ్రాయుట చరిత్రలో అరుదుగా కానవచ్చును. ఈ శాసనము 1990వఱకు పుస్తకములలో నిలిచియే యుండెను.

ప్రభుత్వపు వాదమును కూడ న్యాయముగా వినవలెను. మతసంఘము చేయు దానము ఉచితము కాదు, అది జనులను తనవైపునకు లాగుకొనుటకు ఎరయే. శ్రామికునకు కావలసినది భిక్ష కాదు, హక్కు. వైద్యశాలను, పాఠశాలను ప్రభుత్వమే యందఱకును ఇచ్చునప్పుడు గురువు చేతి గంజి యెందుకు? ఈ వాదమునందు బలము లేకపోలేదు. అన్నదానమున పంక్తిభేదము పాటించు సత్రములను చూచిన మనకు దానిలోని సత్యము వెంటనే తోచును. ఆ ప్రభుత్వము నిరక్షరాస్యతను పోగొట్టినమాటయు, గ్రామములకు వైద్యులను పంపినమాటయు నిజమే. కాని హక్కు వచ్చిన యింటికి పొరుగువాడు రాకూడదని నిషేధింపవలసిన పనియేమి? ఒక విధవరాలికి తోడి విశ్వాసులు కట్టెలు కొనియిచ్చినచో ఏ శ్రామికరాజ్యము కూలిపోవును? భయమునకు వేఱు కారణముండెను. ఆ పదేండ్లలో బాప్తిస్టులు మొదలగు చిన్న క్రైస్తవశాఖలవారు సహకార క్షేత్రములను, యువజనసంఘములను నెలకొల్పి, కమ్యూనిస్టు యువజనసంఘమునకు పోటీగా పెరుగుచుండిరి. వారు నిరుపయోగులగుటచేత గాక ఉపయోగపడుటచేతనే అపాయకరులైరి.

దీనికి సాక్ష్యముగా టాల్‌స్టాయి శిష్యుల కథ యొకటి చాలును. టాల్‌స్టాయి పేరు మన గృహములలో క్రొత్తది కాదు. ఆయన బోధ ననుసరించువారు కొందఱు 1921వ సంవత్సరాంతమున మాస్కో సమీపమున “జీవితము–శ్రమము” అను పేర ఉమ్మడి వ్యవసాయక్షేత్రమును స్థాపించిరి. మాంసము ముట్టరు, ఆయుధము పట్టరు, సొంత ఆస్తి ఉంచుకొనరు, పొలమును తమ చేతులతోనే దున్నుకొందురు. కమ్యూనిస్టు గ్రంథములలో వర్ణించిన జీవనమును బలవంతము లేకుండ ఆచరించుచుండిన వారు ఆ విశాలదేశమున వీరివంటివారు కొలదిమందియే. ఆ యేటనే ప్రభుత్వము మతశాఖలవారిని పాడుపడిన భూములు సాగుచేయుడని ఆహ్వానించియుండెను కూడ. ఐనను 1931లో వీరు సైబీరియాకు తరలిపోవలసి వచ్చినది. అచ్చట బీడు విరిచి, తోటలు పెంచి, బడి పెట్టుకొని నిలువగా, ఆ బడిలో ప్రభుత్వము చెప్పుమన్న పాఠములు చెప్పలేదనియు, ప్రభుత్వశాసనములకు లోబడలేదనియు 1936 మొదలుకొని నాయకులను పట్టి చెఱసాలలకు పంపిరి. 1939 ఆరంభమునకు ఆ క్షేత్రము సామాన్యమైన ప్రభుత్వ సమష్టిక్షేత్రముగా మాఱిపోయెను. వారి పంట పనికివచ్చినది. వారి అంతరాత్మ పనికిరాలేదు.

1937 జనవరిలో జరిగిన జనాభా లెక్కలో నీకు మతవిశ్వాసము కలదా యని ప్రతివానిని అడిగిరి. అడుగువాడు ప్రభుత్వపు మనిషి. కాలము నడిరాత్రి తలుపు తట్టు కాలము. అట్లయినను పదునాఱేండ్లు నిండినవారిలో సగమునకు మించినవారు కలదనియే వ్రాయించిరి. ఆ లెక్కను ప్రభుత్వము దాచివేసి, లెక్కించిన యధికారులలో ముఖ్యులను చెఱబెట్టెను.

ఆపై యుద్ధము వచ్చినది. 1941 జూను 22న జర్మను సేనలు దండెత్తిన దినముననే సెర్గీ అను పీఠాధిపతి, స్టాలిను నోరు విప్పకముందే, దేశమును కాపాడుకొనుడని విశ్వాసులకు లేఖ వ్రాసెను. 1943 సెప్టెంబరు 4వ తేదీ రాత్రి స్టాలిను ముగ్గురు పీఠాధిపతులను క్రెమ్లినుకు పిలిపించి, మీకేమి కావలెనని యడిగెను. నాలుగు దినములలో పీఠాధిపతుల సభ కూడినది. పదునెనిమిదేండ్లుగా ఖాళీగా నున్న ప్రధానాచార్యపీఠము నిండినది. విశ్వాసులు చందాలు వేసికొని నలువది టాంకుల దళమును 1944లో సైన్యమున కిచ్చిరి. క్షామమున అన్నము పెట్టరాదన్న చేతులు యుద్ధమున టాంకులు ఇయ్యవచ్చునట! దేశభక్తిని మేము తక్కువ చేయుట లేదు. ఆ విశ్వాసుల బిడ్డలే ఆ యుద్ధమున చచ్చుచుండిరి. మేము చెప్పునది ప్రభుత్వపు కొలతను గూర్చి. నిన్న నిష్ప్రయోజనమని త్రోసివేసినది నేడు ప్రయోజనకరమాయెను. ఆ ప్రయోజనము తీరినపిమ్మట, 1950వ దశాబ్దపు చివరినుండి, క్రుశ్చేవు కాలమున వేలకొలది దేవాలయములు మరల మూతపడినవి.

రష్యాలో దైవశాస్త్రమునకు సమాధానము చెప్పు నోరు లేకపోయెను. మార్క్సు రాజ్యములో నిలిచి, ఆ రాజ్యము వేయు ప్రశ్నకు క్రైస్తవునిగా నేనేమి చెప్పవలెనని బహిరంగముగా ఆలోచించిన పండితులను చూడవలెనన్న మనము పడమటికి, చెకోస్లొవేకియాకు పోవలెను.

చెకు జనుల చరిత్రమే యిందుకు నేలను దున్నిపెట్టినది. సంస్కర్తయగు యాన్ హుస్‌ను 1415లో కాన్‌స్టన్సు సభవారు సజీవదహనము చేసిరి. 1620లో తెల్లకొండ యుద్ధమున ఓడినపిమ్మట ప్రొటెస్టంటులు దేశము విడువవలసివచ్చెను, లేదా రాజు మతమున చేరవలసివచ్చెను. 1781 వఱకు వారి ప్రార్థనకు శాసనసమ్మతి లేదు. రాజ్యాధికారముతో కూడిన మతమెట్లుండునో తరతరములుగా అనుభవించిన ఆ జనులలో, యోసెఫ్ హ్రోమాద్కా 1889లో మొరావియా ప్రాంతపు హొద్‌స్లావిత్సే గ్రామమున ప్రొటెస్టంటు రైతుకుటుంబమున పుట్టెను. 1920 మొదలు ప్రాగు నగరమున దైవశాస్త్రాచార్యుడు. స్పెయినులో ప్రజాప్రభుత్వముపై సేనాపతులు తిరుగబడినప్పుడు దానికి సాయము చేయు సంఘమునకు ముందు నిలిచినవాడు. 1938లో మ్యూనిచి ఒడంబడికచేత బ్రిటను, ఫ్రాన్సు దేశములు తన దేశమును హిట్లరునకు బలియిచ్చినప్పుడు, పాశ్చాత్య క్రైస్తవ నాగరకత యనబడు దాని కాలము తీరినదని ఆయన నిశ్చయించుకొనెను. 1939లో ప్రాణములు దక్కించుకొని అమెరికా చేరి, ప్రిన్‌స్టన్‌లో ఎనిమిదేండ్లు బోధించెను. అచ్చటనే సుఖముగా నుండదగినవాడు 1947లో మరల ప్రాగునకు వచ్చెను. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారము చేజిక్కించుకొనిరి. ఆయన పాఱిపోలేదు, వారితో కలిసి పనిచేయుట కొప్పుకొనెను.

ఆ యేటి ఆగస్టులో ఆమ్‌స్టర్‌డాములో ప్రపంచ క్రైస్తవ సంఘముల మహాసభ మొదటిసారి కూడినది. అందు అమెరికా పక్షమున జాన్ ఫాస్టర్ డల్లెసు కమ్యూనిజము నాస్తికమనియు, క్రైస్తవులకు శత్రువనియు వాదించెను. హ్రోమాద్కా లేచి చెప్పిన దాని సారాంశమిది: ఈ నాస్తికత్వము ఎక్కడనుండి వచ్చినది? కార్మికుడు యంత్రములక్రింద నలుగుచుండగా మన సంఘములు ఎవరి ప్రక్కన కూర్చుండినవి? వారు కాదన్నది మనము చూపిన బొమ్మను, దేవుని కాదు. న్యాయముకొఱకైన వారి దాహము మనయొద్ద నుండవలసినది. మనము పాఱవేయగా వారు తీసికొనిరి.

ఆయన దైవశాస్త్రమునకు కేంద్రమిదియే. 1958లో వెలువడిన “నాస్తికులకు సువార్త” అను చిన్న గ్రంథమున దీనిని విస్తరించెను. దేవుడు మనుష్యునియొద్దకు వచ్చునప్పుడు నీవు నన్ను నమ్ముదువా యని ముందుగా ప్రశ్నించి రాలేదు. కావున క్రైస్తవుడు నాస్తికుని శత్రువుగా నెంచుటకు వీలులేదు. సంఘమునకు ఆస్తులు, గౌరవములు, పాఠశాలలపై పెత్తనము పోయినవని దుఃఖింపరాదు. వానితోపాటు దాని సంకెళ్లు కూడ పోయినవి. మతము సంఘమునకు ఉపయోగపడునని చెప్పి తన చోటు కాపాడుకొనుట ఆయనకు అవమానకరముగా తోచెను. ఎన్నో మతసమర్థన గ్రంథములు చదివిన మాకు ఈ మాట క్రొత్తగా నుండెను. అన్ని మతములవారును మా మతము లేనిచో నీతి నిలువదు, సంఘము చెడును అని బెదరించువారే కాని, మా మతమునకు మీరు చోటీయకపోయినను మేము మీ పొరుగువారమే యని చెప్పినవారు అరుదు.

ఐతే సిద్ధాంతము ఉన్నతముగా నున్నచోట కాలు జాఱుట కూడ ఉన్నతమునుండియే జరుగును. 1949 అక్టోబరు శాసనముచేత ప్రభుత్వము గురువులందఱకును జీతములిచ్చుట మొదలిడెను. ప్రభుత్వానుమతి లేక యెవడును బోధింపరాదనెను. జీతము, అనుమతి రెండును ఒక చేతిలోనివే. 1950 ఏప్రిలులో ఒక రాత్రి కథోలిక సన్న్యాసుల మఠములను చుట్టుముట్టి వారిని బండ్లపై తరలించిరి. ఆ జూనులో మిలాదా హొరాకోవా యను స్త్రీని రాజద్రోహమని ఉరి తీసిరి. ఆమె స్త్రీల హక్కులకై పాటుపడిన న్యాయవాది. హిట్లరు కాలమున చెఱసాలలనుభవించినది. హ్రోమాద్కా చేరియుండిన ప్రొటెస్టంటు సంఘముననే సభ్యురాలు. ఆమె ప్రాణము కొఱకు ఐన్‌స్టైను మొదలగువారు విదేశములనుండి వేడుకొనిరి. అటుపిమ్మటను హ్రోమాద్కా ఆ ప్రభుత్వముతో సహకరించుట మానలేదు. 1956లో హంగేరీ ప్రజల తిరుగుబాటును రష్యా సేనలు అణచినప్పుడును ఆయన రష్యానే సమర్థించెను. ఆయన మిత్రుడును, ఆ శతాబ్దపు దైవశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడును నగు కార్ల్ బార్తు కూడ, నీవు చరిత్రగమనమును సువార్తతో కలిపివేయుచున్నావని హెచ్చరించెను. 1958లో ఆయనకు లెనిను శాంతిబహుమానము వచ్చినది. ప్రయోజనమును అడుగనని చెప్పినవాని ప్రయోజనమును ప్రభుత్వము కనుగొనెను: విదేశములలో మా రాజ్యమున మతస్వేచ్ఛ కలదని చూపుటకు ఆయనకంటె మంచి సాక్షి యెక్కడ? ఆయనను కపటియని మేమనము. శత్రువును ప్రేమించువాడు శత్రువు చేసిన గాయమును కూడ చూడవలెను. ఆ గాయపడినది తాను గాక పొరుగువాడైనప్పుడు క్షమించుటకు తనకు అధికారము లేదని ఆయన మఱచెనని మాత్రము మా యభిప్రాయము.

ఆయన శిష్యులు మఱువలేదు. “నూతన దృష్టి” యను పేర కొందఱు యువబోధకులు కూడి, గురువు చెప్పిన సిద్ధాంతమును గ్రహించి, ఆయన ప్రభుత్వభక్తిని విడిచిరి. నాస్తికుని పొరుగువానిగా చూడవలెనన్న, అతనితో నిజము చెప్పవలె ననిరి.

ఇంతలో ఆవలి పక్షమునను కదలిక పుట్టెను. ప్రాగు విశ్వవిద్యాలయమున మార్క్సు తత్త్వము బోధించు మిలాన్ మాఖోవెత్సు అను ఆచార్యుడు క్రైస్తవ పండితులను తన గోష్ఠికి పిలిచి వారితో చర్చించుట మొదలిడెను. పిలిచినది వాదమున ఓడించుటకు కాదు. రాజ్యము వచ్చి పదునేనేండ్లాయెను, మిల్లులు ప్రజలవైనవి, ఐనను మనుష్యులు చచ్చుచున్నారు, తప్పు చేసి పశ్చాత్తాపపడుచున్నారు, ఎందుకు బ్రదుకవలెనని యడుగుచున్నారు. పార్టీ గ్రంథములలో వీనికి సమాధానము లేదు. ప్రభుత్వములు కూడ ఈ లోపమును తమకు తెలియకుండనే యొప్పుకొనుచుండెను. పుట్టిన బిడ్డకు బాప్తిస్మమునకు మాఱుగా పురపాలకసంఘ భవనమున స్వాగతోత్సవము. శవమునకు మంత్రములు లేని అంత్యక్రియ. తూర్పు జర్మనీలో 1955 మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు సంఘదీక్షకు మాఱుగా యువదీక్షోత్సవము. మతము వ్యర్థమన్నవారు దాని ఆచారములను ఒక్కొక్కటిగా ఎరువు తెచ్చుకొనిరి.

ఆ తూర్పు జర్మనీలోనే మఱియొక వింత కలదు. అచ్చటి ప్రభుత్వము సంఘమునకు చెందిన వైద్యశాలలను, బుద్ధిమాంద్యము గలవారి శరణాలయములను మూయలేదు. ఉత్పత్తికి పనికిరాని ఆ జనుల పోషణము సంఘమునకే యుండనిమ్మనెను. పనిని బట్టి మనుష్యుని కొలుచు రాజ్యమున, పని చేయలేనివాడు సంఘము వాకిట మిగిలెను.

1967 ఏప్రిలు చివర చెకోస్లొవేకియాలోని మరియాన్‌స్కే లాజ్నే యను స్నానతీర్థమున, జర్మను కథోలికులు స్థాపించిన పౌలు సమాజమును ఆ దేశపు విజ్ఞాన పరిషత్తును కలిసి క్రైస్తవ మార్క్సువాదుల సభను జరిపిరి. మార్క్సు రాజ్యములో అట్టి సభ అదియే మొదటిది. జర్మనీనుండి మోల్ట్‌మను, మెట్సు అను దైవశాస్త్రజ్ఞులును, ఫ్రాన్సునుండి గారోదీ యను కమ్యూనిస్టు తత్త్వవేత్తయు వచ్చిరి. మోల్ట్‌మను అప్పటికి మూడేండ్ల క్రిందట ఆశను గూర్చి వ్రాసిన దైవశాస్త్రగ్రంథమునకు, ఎర్నెస్టు బ్లోకు అను మార్క్సు తత్త్వజ్ఞుని పుస్తకమే ప్రేరణము. ఆ బ్లోకును అతని సొంత రాజ్యమగు తూర్పు జర్మనీ 1957లో విశ్వవిద్యాలయమునుండి తొలగించియుండెను. ఒక పక్షము పాఱవేసిన దానిని మఱియొక పక్షము తీసికొనునను హ్రోమాద్కా మాట ఇచ్చట తలక్రిందుగా నిజమైనది.

ఆ సంభాషణమునకు ఆయుష్షు లేకపోయెను. 1968 ఆగస్టు 21న రష్యా మొదలగు దేశముల సేనలు ప్రాగులో ప్రవేశించినవి. డెబ్బదితొమ్మిదేండ్ల హ్రోమాద్కా మఱునాడే రష్యా రాయబారికి లేఖ వ్రాసెను. జీవితమంతయు మీతో స్నేహమునకై పాటుపడిన నాకు ఇంతకంటె గొప్ప దుఃఖము లేదనియు, మీపై జనులకు గల నమ్మకము ఇక తిరిగిరాదనియు ఆ లేఖాభిప్రాయము. బహుమానమిచ్చినవారికి ఆ లేఖతో ఆయన ప్రయోజనము తీరినది. తాను పెంచిన క్రైస్తవ శాంతిసభనుండియే 1969 నవంబరులో ఆయన అధ్యక్షపదవి వదలుకొనవలసి వచ్చెను. ఆ డిసెంబరు 26న మరణించెను. ఆ లేఖను పదునెనిమిదేండ్ల ముందే, ఆ స్త్రీని ఉరి తీసిన యేట, వ్రాసియుండినచో బాగుండెడిదని యనుకొనక యుండలేకపోవుచున్నాము. వ్రాసియుండినచో ఆయనకు శిష్యులుండెడివారు కారేమో యనియు తోచుచున్నది.

ఆ శిష్యులలో యాకుబ్ త్రోయాను ఒకడు. లీబిషు గ్రామమున బోధకుడు. సేనల ప్రవేశమునకు జనులు లొంగిపోవుట సహింపలేక యాన్ పలాఖు అను ఇరువదేండ్ల విద్యార్థి 1969 జనవరి 16న ప్రాగు నడివీథిని ఒంటికి నిప్పంటించుకొని, మూడవనాడు మరణించెను. క్రైస్తవ సంప్రదాయమున ఆత్మహత్య మహాపాపము. ప్రభుత్వమున కది రాజద్రోహముతో సమానము. ఆ శవమునకు ప్రార్థన చెప్పినవాడు త్రోయాను. ఆ పని వలన ఎవ్వరికి ఏమి లాభము? ప్రభుత్వమునకు లేదు, సంఘమునకు అపాయము, చెప్పినవానికి 1974లో బోధనానుమతి పోయినది. కాని ఒక తల్లి తన బిడ్డను మనుష్యుని పూడ్చినట్లు పూడ్చుకొనగలిగినది. మతముయొక్క సాంఘిక ప్రయోజనమును గూర్చి మేము చదివిన పెక్కు పుటలలో, ఈ యొక్క మధ్యాహ్నమును ఏ పట్టికలో చేర్పవలెనో మాకు తెలియరాలేదు.

1977 జనవరిలో, ప్రభుత్వము తానే సంతకము చేసిన మానవహక్కుల ఒడంబడికలను పాటింపుమని కోరుచు “చార్టా 77” అను పత్రము వెలువడినది. దానిమీద అనుమతి కోల్పోయిన బోధకుల పేర్లును, పార్టీనుండి వెడలగొట్టబడిన మార్క్సువాదుల పేర్లును ప్రక్కప్రక్కనే యున్నవి. త్రోయాను పేరు కలదు. మాఖోవెత్సు పేరును కలదు. విశ్వవిద్యాలయమువారు మాఖోవెత్సును 1970లోనే తొలగించియుండిరి. నాస్తికులకొఱకు యేసును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము స్వదేశమున అచ్చు కాక, 1972లో జర్మను భాషలో వెలువడెను. తాను నాస్తికుడనని ఆయన ఎన్నడును దాచలేదు. సంగీతము నేర్చినవాడగుటచే, ఉద్యోగము పోయిన ఆ దినములలో ప్రాగునందలి యొక దేవాలయమున ఆరాధనవేళ ఆర్గను వాయించి పొట్ట పోసికొనెను. 1989లో ప్రభుత్వము మాఱినపిమ్మట విశ్వవిద్యాలయమునకు మరల పోయి బోధించి, 2003లో మరణించెను.